డెకరేటర్ పెట్టినా ఫంక్షన్ సిగ్నేచర్ పోకూడదంటే ఏది వాడాలి: రాప్స్, డెకరేటర్ లైబ్రరీ, రాప్ట్, మేక్‌ఫన్ మీద నా రివ్యూ

డెకరేటర్ అంటే ఒక ఫంక్షన్‌ని చుట్టి దానికి అదనపు పని జోడించే ఇంకో ఫంక్షన్, సిగ్నేచర్ అంటే ఫంక్షన్ తీసుకునే ప్యారామీటర్ల జాబితా. ముందే చెప్పేస్తా, మొత్తం చదివే ఓపిక లేనివాళ్ళు ఇక్కడే ఆగిపోవచ్చు. చాలా చోట్ల పైథాన్‌తో పాటే ఫ్రీగా వచ్చే ఫంక్‌టూల్స్ డాట్ రాప్స్ సరిపోతుంది, ఇంకేం ఇన్‌స్టాల్ చెయ్యక్కర్లేదు. కానీ "రాప్స్ పెట్టాం కదా, సిగ్నేచర్ సేఫ్" అని నిశ్చింతగా ఉన్నవాళ్ళ కోసమే ఇదంతా రాస్తున్నా, ఎందుకంటే రాప్స్ సిగ్నేచర్‌ని చూపిస్తుంది అంతే, పాటించదు. గేటుకి బోర్డు ఉంటుంది గానీ వాచ్‌మన్ ఉండడన్నమాట. ఆ వాచ్‌మన్ కావాల్సిన రోజు వస్తే అప్పుడు మిగతా మూడిట్లో ఏది తీసుకోవాలన్నదే అసలు సంగతి.

(కోడ్ కూడా పలికినట్టే తెలుగులో రాసేశా, మాటిమాటికీ కీబోర్డ్ మార్చే ఓపిక లేదు. డండర్ అంటే పేరుకి ముందు రెండు, వెనక రెండు అండర్‌స్కోర్లు, మీకు తెలిసిందే.)

అసలు గొడవేంటో ఒకసారి చూద్దాం. సెండ్_ఎస్ఎంఎస్(నంబర్, టెక్స్ట్, ప్రయారిటీ=1) అని ఒక ఫంక్షన్ ఉంది. దానికి ఎంత టైమ్ పట్టిందో లాగ్ చేద్దామని ఒక డెకరేటర్ రాశాం, లోపల రాపర్(*ఆర్గ్స్, **క్వార్గ్స్) అని, అంటే ఏ ఆర్గ్యుమెంట్లు ఇచ్చినా తీసుకునే ఇంకో ఫంక్షన్, చివర్లో రిటర్న్ రాపర్. అంతే, ఆ క్షణం నుంచి సెండ్_ఎస్ఎంఎస్ అన్న పేరు పట్టుకుని నిలబడింది రాపరే, అసలు ఫంక్షన్ లోపల దాక్కుంది. హెల్ప్ అడిగితే రాపర్(*ఆర్గ్స్, **క్వార్గ్స్) అని వస్తుంది, డాక్‌స్ట్రింగ్ (ఫంక్షన్ మొదట్లో రాసుకునే వివరణ) మాయం, పేరు మాయం. ఫ్లాస్క్ అనే వెబ్ ఫ్రేమ్‌వర్క్‌లో ఇలాంటి డెకరేటర్ రెండు వ్యూల మీద పెట్టారనుకోండి, రెండింటి పేరూ రాపరే అవుతుంది కాబట్టి "వ్యూ ఫంక్షన్ మ్యాపింగ్ ఈజ్ ఓవర్‌రైటింగ్ యాన్ ఎగ్జిస్టింగ్ ఎండ్‌పాయింట్ ఫంక్షన్: రాపర్" అని అసర్షన్ ఎర్రర్ కొట్టి యాప్ అసలు లేవనే లేవదు. ఇది నయం, లేవకపోతే వెంటనే తెలుస్తుంది కదా.

ఫాస్ట్ఏపీఐ అనే ఇంకో వెబ్ ఫ్రేమ్‌వర్క్‌లో ఇంకా తమాషాగా ఉంటుంది. అది ఎండ్‌పాయింట్ ఫంక్షన్ సిగ్నేచర్ చదివే ఏ ప్యారామీటర్ పాత్‌లోంచి రావాలి, ఏది క్వెరీలోంచి రావాలి, ఏది బాడీ అని నిర్ణయించుకుంటుంది. రాప్స్ లేని టైమింగ్ డెకరేటర్‌ని యాప్ డాట్ గెట్ కింద పెట్టి డాక్స్ పేజీ తెరవండి, ఆర్గ్స్ అని ఒక గడి, క్వార్గ్స్ అని ఇంకో గడి, రెండిటి పక్కనా ఎర్రగా రిక్వైర్డ్ అని ఉంటుంది. ఫ్రంటెండ్ వాళ్ళు మామూలుగా కాల్ చేస్తే 422, ఫీల్డ్ రిక్వైర్డ్ అంట, ఏ ఫీల్డ్ అంటే ఆర్గ్స్ అంట. ఫ్రంటెండ్ అమ్మాయి వచ్చి "మీ ఏపీఐకి ఆర్గ్స్ ఏం పంపాలండీ" అని అడిగితే ఏం చెప్తారు చెప్పండి. టెస్టులు రన్ చేసే పైటెస్ట్ కూడా అంతే, ఫిక్స్చర్ (టెస్ట్‌కి ముందే సిద్ధం చేసిపెట్టే వస్తువు) ఏది కావాలో ప్యారామీటర్ పేరు చూసే ఇస్తుంది, పేర్లు పోతే ఫిక్స్చర్లు రావు, టెస్ట్ లోపల ఆర్గ్యుమెంట్ మిస్సింగ్ అని ఏడుస్తుంది.

ఇక ఒక్కొక్కటీ చూద్దాం.

ఫంక్‌టూల్స్ డాట్ రాప్స్ – 4 స్టార్లు

డెకరేటర్ సింటాక్స్ పైథాన్ 2.4తో 2004లో వచ్చింది, రాప్స్ ఆ తర్వాత 2006లో 2.5తో వచ్చింది. మొదట్లో ఇది చేసే పని చాలా చిన్నది, అసలు ఫంక్షన్ పేరు, డాక్‌స్ట్రింగ్, మాడ్యూల్ పేరు కాపీ కొట్టి రాపర్‌కి అంటించేది, డండర్ డిక్ట్‌లో ఏమన్నా ఉంటే అవి కూడా తెచ్చేది. సిగ్నేచర్ జోలికే పోయేది కాదు. ఇప్పటికీ ఇంటర్వ్యూల్లో "రాప్స్ ఎందుకు వాడతారు" అంటే అందరూ పేరు, డాక్‌స్ట్రింగ్ అని టకటకా చెప్పి ఆపేస్తారు, అమీర్‌పేట్ నోట్సుల దగ్గర్నుంచి అదే మాట.

అసలు మలుపు 3.2లో వచ్చింది. రాపర్ మీద డండర్ రాప్డ్ అని ఒక యాట్రిబ్యూట్ పెట్టి, దాంట్లో అసలు ఫంక్షన్‌ని ఉంచడం మొదలుపెట్టారు. 3.3లో పెప్ (పైథాన్‌లో మార్పుల ప్రతిపాదన) 362తో ఇన్‌స్పెక్ట్ డాట్ సిగ్నేచర్ వచ్చింది, అది ఈ డండర్ రాప్డ్ గొలుసు పట్టుకుని చివరిదాకా పోయి అసలు ఫంక్షన్ సిగ్నేచర్ తెచ్చి చూపిస్తుంది. 3.4 నుంచి హెల్ప్ కూడా సరిగ్గా చూపించడం మొదలైంది. అంటే రాప్స్ సిగ్నేచర్‌ని ఎక్కడికీ కాపీ చెయ్యలేదు, "అసలు మనిషి లోపలున్నాడు, ఆయన్ని అడగండి" అని ఒక చీటీ పెట్టింది అంతే. చీటీ చదివేవాళ్ళకి సరైన జవాబు దొరుకుతుంది, చదవనివాళ్ళకి దొరకదు. ఇన్‌స్పెక్ట్‌లోనే గెట్‌ఫుల్‌ఆర్గ్‌స్పెక్ అని పాతది ఒకటుంది, అది డండర్ రాప్డ్‌ని పట్టించుకోదని డాక్యుమెంటేషన్‌లోనే రాసి ఉంది. పాత కోడ్ ఏదైనా దాన్ని వాడుతుంటే మీరు రాప్స్ పెట్టినా దానికి కనపడేది ఆర్గ్స్, క్వార్గ్సే. డండర్ కోడ్ తెరిచి ఆర్గ్యుమెంట్లు లెక్కపెట్టే లైబ్రరీలకీ అదే గతి. డెకరేటర్లు ఒకదాని మీద ఒకటి నాలుగు ఉండి మధ్యలో ఒక్కదానికి రాప్స్ లేకపోయినా గొలుసు అక్కడే తెగిపోతుంది, ఇన్‌స్పెక్ట్ కూడా అక్కడే ఆగిపోతుంది.

ఇంకో మంచి విషయం, ఎవరూ పెద్దగా చెప్పరు. రాప్స్ డండర్ క్వాల్‌నేమ్ కూడా కాపీ చేస్తుంది కాబట్టి మల్టీప్రాసెసింగ్‌లో ఫంక్షన్ పికిల్ అవుతుంది, అంటే ఇంకో ప్రాసెస్‌కి పంపేలా బైట్లుగా మారుతుంది. రాప్స్ తీసేసి ప్రాసెస్ పూల్‌కి పంపండి, "కాంట్ పికిల్ లోకల్ ఆబ్జెక్ట్" అని మొహం మీద కొడుతుంది. ఇంకా టెస్టుల్లో ఎల్ఆర్‌యూ క్యాష్ పెట్టిన ఫంక్షన్‌ని క్యాష్ లేకుండా పిలవాలంటే ఫంక్షన్ డాట్ డండర్ రాప్డ్ అని నేరుగా అసలుదాన్ని పట్టుకోవచ్చు, అది కూడా ఈ చీటీ పుణ్యమే.

మరి స్టార్ ఎందుకు కోశానంటే, రీట్రై డెకరేటర్ వల్ల. మామూలుగా ఎలా రాస్తాం, మూడుసార్లు లూప్, లోపల ట్రై, రిటర్న్ ఫంక్షన్(*ఆర్గ్స్, **క్వార్గ్స్), ఎక్సెప్ట్ ఎక్సెప్షన్ అయితే రెండు సెకన్లు స్లీప్, మళ్ళీ ట్రై. పైన నీట్‌గా రాప్స్. ఇప్పుడు ఎవరో సెండ్_ఎస్ఎంఎస్(నంబర్) అని టెక్స్ట్ ఇవ్వకుండా పిలిచారు. రాపర్ ఆర్గ్స్, క్వార్గ్స్ అని నోరు తెరుచుకుని కూర్చుంది కాబట్టి ఏమిచ్చినా మింగేస్తుంది, లోపలికి పోయాక అసలు ఫంక్షన్‌ని పిలిచినప్పుడు టైప్‌ఎర్రర్ వస్తుంది, అది కూడా ఎక్సెప్షనే కదా, మన ఎక్సెప్ట్ దాన్ని పట్టేసుకుని నెట్‌వర్క్ ప్రాబ్లమ్ అనుకుని రెండు సెకన్లు నిద్రపోయి మళ్ళీ అదే తప్పు కాల్ చేస్తుంది. లాగ్‌లో "రీట్రైయింగ్... రీట్రైయింగ్..." అని పడుతుంటుంది, చూసేవాళ్ళు ఎస్ఎంఎస్ గేట్‌వే డౌన్ అయిందనుకుంటారు. పిలిచిన చోట ఆ క్షణంలో ఆగాల్సిన తప్పు సెకన్ల తరబడి తిరిగి, వేరే వేషంలో బయటికొస్తుంది. ఎక్సెప్ట్‌లో ఎక్సెప్షన్ అని అంతా పట్టకూడదు, టైమౌట్ లాంటివే పట్టాలి అంటారు, నిజమే, కానీ ఎంతమంది కోడ్‌లో అలా ఉందో మీ రెపోలో ఒకసారి వెతికి చూసుకోండి.

సిగ్నేచర్ చూపించడం వేరు, పాటించడం వేరు అన్నది ఇందుకే. రాప్స్ ఉన్నా లేకున్నా కాల్ జరిగేటప్పుడు పైథాన్ చూసేది రాపర్ సిగ్నేచర్‌నే.

డెకరేటర్ లైబ్రరీ – 4 స్టార్లు, కాకపోతే షరతులు వర్తిస్తాయి

లైబ్రరీ పేరే డెకరేటర్. ఇంతకన్నా గూగుల్‌లో దొరకని పేరు ఇంకోటి లేదు, సరే. మిచేలే సిమియోనాటో రాసింది, 2005 నుంచి ఉంది, అంటే రాప్స్ కన్నా ముందే. మీ మెషీన్‌లో ఐపైథాన్ ఉంటే ఇది ఆల్రెడీ ఉండే ఉంటుంది, దాని డిపెండెన్సీల్లో ఇదొకటి.

పాత వెర్షన్లు, అంటే 4 సిరీస్ దాకా, ఇది చేసే పని చూస్తే నోరెళ్ళబెడతాం. అసలు ఫంక్షన్ సిగ్నేచర్ చదివి, అదే సిగ్నేచర్‌తో కొత్త ఫంక్షన్ కోడ్‌ని స్ట్రింగ్‌గా తయారుచేసి, దాన్ని ఎగ్జెక్‌తో రన్ చేసి నిజమైన ఫంక్షన్ పుట్టించేది. అందుకే పాత ట్రేస్‌బ్యాకుల్లో ఫైల్ పేరు ఉండాల్సిన చోట "డెకరేటర్-జెన్-53" అని ఏదో నంబర్‌తో యాంగిల్ బ్రాకెట్లలో వింత పేరు కనపడేది, జూపిటర్‌లో పనిచేసినవాళ్ళు చూసే ఉంటారు, ఇదేంట్రా ఈ ఫైల్ ఎక్కడుంది అని వెతికే ఉంటారు. ఎక్కడా లేదు, గాల్లో పుట్టింది.

2021లో 5.0 వచ్చినప్పుడు ఆ ఎగ్జెక్ వ్యవహారం పక్కనపెట్టేశారు. ఇప్పుడు లోపల మామూలు ఆర్గ్స్, క్వార్గ్స్ ఫంక్షనే, కాకపోతే డండర్ సిగ్నేచర్ కూడా సెట్ చేస్తుంది, పైగా ప్రతి కాల్‌కీ ముందు వచ్చిన ఆర్గ్యుమెంట్లని అసలు సిగ్నేచర్‌కి బైండ్ చేసి, అంటే ఏది ఏ ప్యారామీటర్‌కో సరిపోల్చి చూస్తుంది. పైన చెప్పిన రీట్రై కథ ఇక్కడ జరగదు, టెక్స్ట్ లేకుండా పిలిస్తే మీ రీట్రై కోడ్ లోపలికి అడుగు పెట్టకముందే "మిస్సింగ్ ఎ రిక్వైర్డ్ ఆర్గ్యుమెంట్: టెక్స్ట్" అని టైప్‌ఎర్రర్. వాచ్‌మన్ ఉన్నాడు. ఆ మెసేజ్‌లో ఏ ఫంక్షన్‌కి మిస్ అయిందో పేరు మాత్రం రాదు, ట్రేస్‌బ్యాక్‌లో పిలిచిన లైన్ చూసి తెలుసుకోవాలి, అది కాస్త చిరాకు.

రాయడం మాత్రం దీంతో హాయి. ఫంక్షన్ లోపల ఫంక్షన్ లోపల ఫంక్షన్ అక్కర్లేదు, @డెకరేటర్ అని పెట్టి డెఫ్ రీట్రై(ఫంక్, టైమ్స్=3, *ఆర్గ్స్, **క్వార్గ్స్) అని ఒకటే లెవెల్‌లో రాసేస్తే అయిపోయింది. వాడేటప్పుడు @రీట్రై అని ఉత్తగానూ పెట్టొచ్చు, @రీట్రై(టైమ్స్=5) అనీ పెట్టొచ్చు. అయితే పేరు రాయకుండా @రీట్రై(5) అన్నారో, టైప్‌ఎర్రర్‌తో తిడుతుంది. ఆప్షన్లన్నిటికీ డిఫాల్ట్ వాల్యూ ఉండాలి అన్నది ఇంకో రూలు. మనం రాసేది అసింక్ డెఫ్ అయితే బయటికొచ్చేదీ అసింక్ ఫంక్షనే, అది కూడా చూసుకుంటుంది.

షరతు ఏంటంటే, కీవర్డ్‌గా (పేరు రాసి) పంపినవి కూడా ఇది పొజిషనల్‌గా (పేరు లేకుండా వరుసలో) మార్చేస్తుంది. సెండ్_ఎస్ఎంఎస్(టెక్స్ట్="హాయ్", నంబర్=ఎన్) అని పిలిచినా మీ డెకరేటర్ లోపల క్వార్గ్స్ ఖాళీ, అన్నీ ఆర్గ్స్‌లో వరుసలో ఉంటాయి, ఇవ్వని ప్రయారిటీ కూడా డిఫాల్ట్ 1తో వచ్చి కూర్చుంటుంది. క్యాష్ రాసేవాళ్ళకి ఇది వరం. ఫంక్‌టూల్స్ ఎల్ఆర్‌యూ క్యాష్‌లో ఎఫ్(ఏ=1, బీ=2) అని పిలిచి మళ్ళీ ఎఫ్(బీ=2, ఏ=1) అని పిలిస్తే రెండూ వేరు వేరు ఎంట్రీలు అయిపోవచ్చని డాక్యుమెంటేషనే చెప్తుంది, ఇక్కడ ఎలా పిలిచినా కీ ఒకటే వస్తుంది. కానీ లోపల "క్వార్గ్స్‌లో యూజర్_ఐడీ ఉందా" అని చూసే ఆడిట్ డెకరేటర్ ఏదైనా ఉంటే దానికి ఎప్పటికీ దొరకదు. కేడబ్ల్యూసింటాక్స్ అని ఒక ఆప్షన్ ట్రూ పెడితే ఎలా పంపితే అలాగే ఇస్తుంది, కాకపోతే అప్పుడు ఆ ముందస్తు చెకింగ్ కూడా పోతుంది. ఒకటి కావాలంటే ఇంకోటి వదులుకోవాలి.

5.0 వచ్చినప్పుడు కొంతమందికి దెబ్బ తగిలిన మాట కూడా చెప్పాలి. నెట్‌వర్క్‌ఎక్స్ వాళ్ళు 2.5.1లో ఈ లైబ్రరీ 5 కన్నా తక్కువే ఉండాలి అని పిన్ చేసుకోవాల్సి వచ్చింది, తర్వాత అసలు దీన్ని వదిలేసి సొంతంగా రాసుకున్నారు. మేజర్ వెర్షన్ మారినప్పుడు ఇలాంటివి మామూలే, కానీ రిక్వైర్‌మెంట్స్ ఫైల్‌లో వెర్షన్ నంబర్ లేకుండా వదిలేసే అలవాటున్నవాళ్ళు గుర్తుపెట్టుకోండి. పాత ఎగ్జెక్ పద్ధతే కావాలనేవాళ్ళకి 5.1లో డెకరేటర్‌ఎక్స్ అని వేరే ఇచ్చారు, డండర్ కోడ్ స్థాయిలో కూడా సిగ్నేచర్ నిలబడాలంటే అది వాడాలి.

స్పీడ్ సంగతి. ప్రతి కాల్‌కీ సిగ్నేచర్ బైండ్ చెయ్యడం పైథాన్‌లోనే జరిగే పని కాబట్టి ఊరికే రాదు. ఎస్ఎంఎస్ పంపడం, డేటాబేస్ క్వెరీ లాంటి వాటికి అది లెక్కలోకే రాదు, నెట్‌వర్క్ టైమ్ ముందు ఇదెంత. లూప్‌లో లక్షలసార్లు తిరిగే చిన్న లెక్కల ఫంక్షన్ మీద మాత్రం పెట్టకండి.

రాప్ట్ – 5 స్టార్లు, కానీ అందరికీ కాదు

డబ్ల్యూ ఆర్ ఏ పీ టీ. పలికితే రాప్స్‌కి తమ్ముడిలా ఉంటుంది, మీటింగుల్లో ఏది అన్నారో అర్థం కాక రెండుసార్లు అడగాల్సి వస్తుంది. అపాచీ సర్వర్‌లో పైథాన్ యాప్‌లు నడిపే మాడ్ డబ్ల్యూఎస్‌జీఐ రాసిన గ్రాహం డంపుల్టన్ దీని కర్త. ఓపెన్‌టెలిమెట్రీ పైథాన్ ఇన్‌స్ట్రుమెంటేషన్, టెన్సర్‌ఫ్లో రెండూ దీన్ని వాడతాయి కాబట్టి పిప్ లిస్ట్ కొడితే మీకు తెలియకుండానే మీ దగ్గర ఉండొచ్చు.

దీని పద్ధతే వేరు. కొత్త ఫంక్షన్ చేసి పేరు అంటించడం, చీటీ పెట్టడం కాదు, అసలు ఫంక్షన్ ముందు ఒక ఆబ్జెక్ట్ ప్రాక్సీ పెడుతుంది, ఎవరు ఏ యాట్రిబ్యూట్ అడిగినా ప్రాక్సీ లోపలికెళ్ళి అసలుదాన్ని అడిగి అదే జవాబు చెప్తుంది. పేరు, డాక్‌స్ట్రింగ్, డిఫాల్టులు, డండర్ కోడ్, సిగ్నేచర్, అన్నీ అసలువే. కాబట్టి డండర్ రాప్డ్ చీటీ చదవని పాత కోడ్ కూడా దీన్ని చూసి అసలు ఫంక్షనే అనుకుంటుంది.

కానీ నాకు దీంట్లో నచ్చింది సిగ్నేచర్ కూడా కాదు, మెథడ్‌ల దగ్గర ఇది పడే శ్రద్ధ. మీరు రాసే రాపర్ ఎప్పుడూ ఒకే రూపంలో ఉంటుంది, రాపర్(రాప్డ్, ఇన్‌స్టన్స్, ఆర్గ్స్, క్వార్గ్స్), ఆర్గ్స్ ముందు స్టార్లు లేవు గమనించండి. మామూలు ఫంక్షన్ మీద పెడితే ఇన్‌స్టన్స్ నన్, ఆబ్జెక్ట్ మెథడ్ మీద పెడితే ఇన్‌స్టన్స్‌లో ఆ ఆబ్జెక్ట్, క్లాస్‌మెథడ్ అయితే ఆ క్లాస్, స్టాటిక్‌మెథడ్ అయితే మళ్ళీ నన్. ఆర్గ్స్‌లో మొదటిది సెల్ఫా కాదా అని ఊహించే పని లేదు. మామూలు రాప్స్ డెకరేటర్‌ని @క్లాస్‌మెథడ్ కి పైన పెట్టి పిలిస్తే "క్లాస్‌మెథడ్ ఆబ్జెక్ట్ ఈజ్ నాట్ కాలబుల్" అని పడిపోతుంది, ఏది పైన ఏది కింద అని ప్రతి కొత్త జూనియర్‌కీ చెప్పాల్సిందే, రాప్ట్‌తో ఆ బాధ లేదు. ఎనేబుల్డ్ అని ఇంకో ఆప్షన్ ఉంది, ఫాల్స్ ఇస్తే ప్రాక్సీ కూడా పెట్టకుండా అసలు ఫంక్షన్‌ని యథాతథంగా వెనక్కిచ్చేస్తుంది, డీబగ్ డెకరేటర్లని ప్రొడక్షన్‌లో ఆఫ్ చెయ్యడానికి ఇంతకన్నా ఏం కావాలి. సీ ఎక్స్‌టెన్షన్ ఉంది కాబట్టి స్పీడ్ గురించి దిగులక్కర్లేదు, అది బిల్డ్ అవ్వని చోట ప్యూర్ పైథాన్‌తో నడిచిపోతుంది.

లోట్లు రెండు. ఒకటి, చూపించడంలో ఇది అందరికన్నా మేటి గానీ పాటించడంలో రాప్స్ లాంటిదే, తప్పు ఆర్గ్యుమెంట్లతో పిలిస్తే అవి మీ రాపర్ లోపలికి వచ్చేస్తాయి, రాప్డ్‌ని పిలిచినప్పుడే ఎర్రర్ పుడుతుంది, అంటే రీట్రై కథ ఇక్కడా జరుగుతుంది. రెండు, ప్రాక్సీ ఆబ్జెక్టులు పికిల్ అవ్వవు, నాట్‌ఇంప్లిమెంటెడ్ ఎర్రర్ ఇస్తాయి. ప్రాసెస్ పూల్‌కి పంపే ఫంక్షన్ల మీద రాప్ట్ పెట్టే ముందు ఒకసారి పికిల్ డంప్స్ కొట్టి చూసుకోండి.

మానిటరింగ్ టూల్ రాసేవాళ్ళు, వేరేవాళ్ళ లైబ్రరీని మంకీప్యాచ్ చేసేవాళ్ళు, పదిమంది వాడే ఫ్రేమ్‌వర్క్ రాసేవాళ్ళు కళ్ళు మూసుకుని ఇదే తీసుకోవచ్చు. ఒక్క యాప్‌లో రెండు లాగింగ్ డెకరేటర్ల కోసం మాత్రం అనవసరం.

మేక్‌ఫన్ – 3.5 స్టార్లు

డెకరేటర్ లైబ్రరీ వదిలేసిన దారిలో ఇది ఇప్పటికీ నడుస్తోంది, మీరు చెప్పిన సిగ్నేచర్‌తో నిజమైన డెఫ్ కోడ్ తయారుచేసి కంపైల్ చేస్తుంది. కాబట్టి చెకింగ్ చేసేది పైథాన్ ఇంటర్‌ప్రెటరే, ఎర్రర్ మెసేజ్ కూడా అలవాటైనదే వస్తుంది, "సెండ్_ఎస్ఎంఎస్() మిస్సింగ్ 1 రిక్వైర్డ్ పొజిషనల్ ఆర్గ్యుమెంట్: టెక్స్ట్" అని ఫంక్షన్ పేరుతో సహా. వాడకం కూడా రాప్స్ లాగే, ఇంపోర్ట్ మార్చి మేక్‌ఫన్ నుంచి రాప్స్ తెచ్చుకుంటే మిగతా కోడ్ దాదాపు అదే. తేడా ఏంటంటే మీ రాపర్‌కి ఆర్గ్యుమెంట్లు వీలైనంతవరకూ కీవర్డ్లుగానే వస్తాయి, డెకరేటర్ లైబ్రరీకి సరిగ్గా ఉల్టా. ఆడిట్ లాగ్‌లో క్వార్గ్స్ నుంచి యూజర్_ఐడీ తీసుకోవాలంటే ఇంతకన్నా సుఖం లేదు, పిలిచినవాడు పొజిషనల్‌గా ఇచ్చినా కీవర్డ్‌గా ఇచ్చినా మీకు పేరుతోనే దొరుకుతుంది.

దీని అసలు బలం సిగ్నేచర్ మార్చాల్సి వచ్చినప్పుడు బయటపడుతుంది. డేటాబేస్ సెషన్ తెరిచి డీబీ అన్న ప్యారామీటర్‌కి ఇచ్చే డెకరేటర్ రాశారనుకోండి. అసలు ఫంక్షన్‌కి డీబీ ఉంది, పిలిచేవాడు మాత్రం ఇవ్వకూడదు. ఇక్కడ మామూలు రాప్స్ నిజం చెప్పదు, డీబీ కూడా కావాలి అని చూపిస్తుంది, ఫాస్ట్ఏపీఐ అది నమ్మి డీబీని రిక్వెస్ట్‌లోంచి వెతకడం మొదలుపెడుతుంది. రాప్స్‌తోనే సర్దాలంటే ఇన్‌స్పెక్ట్ డాట్ సిగ్నేచర్ తీసుకుని, ప్యారామీటర్లలోంచి డీబీ తీసేసి రీప్లేస్ చేసి, ఆ కొత్తదాన్ని రాపర్ డాట్ డండర్ సిగ్నేచర్‌కి ఇవ్వాలి, ఇన్‌స్పెక్ట్ చీటీ కన్నా ముందు దాన్నే చూస్తుంది. నాలుగు లైన్ల పని, పనిచేస్తుంది. మేక్‌ఫన్‌లో అయితే రాప్స్‌కి రిమూవ్_ఆర్గ్స్ అని ఒక్క మాట చెప్తే చాలు, కొత్తవి కలపాలంటే ప్రీపెండ్_ఆర్గ్స్, అపెండ్_ఆర్గ్స్ ఉన్నాయి. బోల్టన్స్ లైబ్రరీలోని రాప్స్‌లో కూడా ఇంజెక్టెడ్ అని ఇలాంటిదే ఉంది, బోల్టన్స్ ఆల్రెడీ ప్రాజెక్ట్‌లో ఉంటే దాంతోనే కానిచ్చేయండి.

స్టార్లు ఎందుకు తగ్గాయంటే, గాల్లో పుట్టిన కోడ్ మీద నాకు మొదటినుంచీ కొంచెం అనుమానమే, డీబగ్గర్‌తో లోపలికి అడుగేస్తే కనపడని లైన్లలోంచి పోవాలి. టీమ్‌లో కొత్తవాళ్ళకి ఇది అర్థమయ్యేలా చెప్పడం కూడా ఒక పని.

ఈ నాలుగూ చెయ్యని పని ఒకటుంది

వీఎస్ కోడ్‌లో ఎర్ర గీత పెట్టేది ఇవేవీ కాదు. మైపై, పైరైట్ లాంటి టైప్ చెకర్లు మీ కోడ్‌ని రన్ చెయ్యవు, చదువుతాయి అంతే, కాబట్టి రన్‌టైమ్‌లో పుట్టే డండర్ రాప్డ్ చీటీ గానీ ప్రాక్సీ గానీ వాటికి కనపడవు. డెకరేటర్ తీసుకునేది కాలబుల్[..., ఎనీ], ఇచ్చేదీ అదే అని టైప్ రాశారో, ఆ డెకరేటర్ పెట్టిన ప్రతి ఫంక్షన్‌కీ టైప్ చెకింగ్ చచ్చిపోయినట్టే, సెండ్_ఎస్ఎంఎస్‌కి నంబర్ బదులు లిస్ట్ ఇచ్చినా నోరెత్తదు. దీనికి మందు పెప్ 612, 2021లో పైథాన్ 3.10తో వచ్చిన పారమ్‌స్పెక్. తీసుకునేది కాలబుల్[పీ, ఆర్], ఇచ్చేది కాలబుల్[పీ, ఆర్], లోపల రాపర్‌లో *ఆర్గ్స్: పీ డాట్ ఆర్గ్స్, **క్వార్గ్స్: పీ డాట్ క్వార్గ్స్. 3.12 నుంచైతే డెఫ్ డెకో[**పీ, ఆర్] అని నేరుగా రాసేయొచ్చు, పైన విడిగా పారమ్‌స్పెక్ ప్రకటించే పని కూడా లేదు. ముందు ఒక ఆర్గ్యుమెంట్ కలపాలన్నా తియ్యాలన్నా కాంకాటినేట్ ఉంది, అయితే అది ముందువైపు పొజిషనల్ వాటికే పనికొస్తుంది, కీవర్డ్ ఓన్లీ ప్యారామీటర్ కలపడం దాంతో కుదరదు. పైన చెప్పిన డీబీ లాంటిది సిగ్నేచర్‌లో మొదటి ప్యారామీటర్‌గా పెట్టుకుంటే ఈ తలనొప్పి సగం తగ్గుతుంది.

నేను కొత్త ప్రాజెక్టుల్లో పెట్టేది రాప్స్, పారమ్‌స్పెక్ రెండూ కలిపి, రీట్రై లాంటి వాటికి లూప్ మొదలయ్యే ముందు సిగ్నేచర్ డాట్ బైండ్ అని ఒక లైన్. ఆ ఒక్క లైన్‌తో డెకరేటర్ లైబ్రరీ ఇచ్చే వాచ్‌మన్ వచ్చేస్తాడు, డిపెండెన్సీ పెరగదు. సిగ్నేచర్ ఆబ్జెక్ట్‌ని మాత్రం రాపర్ బయట, డెకరేటర్ లోపల ఒకసారే తీసి పెట్టుకోండి, ప్రతి కాల్‌కీ తీస్తే నెమ్మదిస్తుంది.

అసింక్ వాళ్ళకి ఒక మాట. అసింక్ డెఫ్ మీద మామూలు డెఫ్ రాపర్ పెడితే రాప్స్ ఎంత పెట్టినా ఇన్‌స్పెక్ట్‌లోని ఈజ్‌కొరొటీన్‌ఫంక్షన్ ఫాల్స్ అనే అంటుంది, అది చీటీ చదవదు. 3.12లో మార్క్‌కొరొటీన్‌ఫంక్షన్ వచ్చింది, దాంతో ముద్ర వేసుకోవచ్చు గానీ శుభ్రంగా రాపర్‌నే అసింక్ డెఫ్ చేసి లోపల అవెయిట్ పెట్టడం మేలు. టైమింగ్ డెకరేటర్ అయితే అది తప్పనిసరి, లేకపోతే కొరొటీన్ ఆబ్జెక్ట్ తయారవ్వడానికి పట్టిన టైమే లెక్కకొస్తుంది, డ్యాష్‌బోర్డ్‌లో అన్ని ఏపీఐలూ దాదాపు సున్నా మిల్లీసెకన్లలో అయిపోతున్నట్టు కనపడుతుంది, మేనేజర్ సంతోషపడతాడు.

జ్యాంగోలో క్లాస్ బేస్డ్ వ్యూల మీద ఫంక్షన్ డెకరేటర్ పెట్టడానికి వీటిలో ఏదీ ఇన్‌స్టాల్ చెయ్యకండి, జ్యాంగో డాట్ యూటిల్స్ డాట్ డెకరేటర్స్‌లో మెథడ్_డెకరేటర్ అని వాళ్ళే ఇచ్చారు, నేమ్="డిస్పాచ్" అని చెప్పి క్లాస్ పైన పెడితే సరిపోతుంది.